అడుగు గరిటె

మా చెల్లెలి భర్త పోయి ఆరేళ్ళయింది. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముందు కడుపులో తిప్పుతుంది, ఆ తర్వాతే దుఃఖం వస్తుంది. ఆ తిప్పడంలో ఆయన తప్పేమీ లేదు. ఎవరిదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఏడేళ్ళ నాలుగు నెలలు జైల్లో ఉండి ఆయన ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం నేనూ అక్కడే ఉన్నాను. మా చెల్లెలు అన్నం, పప్పు, రెండు కూరలు వండి గిన్నెలన్నీ మధ్యలో పెట్టింది. అందరం కూర్చున్నాం. ఆయన మాత్రం కూర్చోలేదు. చెల్లెలి చేతిలోంచి గరిటె తీసుకుని, పప్పు గిన్నెలో అడుక్కంటా ముంచి, ఒక్క గరిటె తన కంచంలో వేసుకుని, గోడ పక్కకి జరిగి నిలబడి తిన్నాడు. కూరలూ అలాగే. తిని, గోడమీది గడియారం చూశాడు.

"ఇంకా ఎవరూ ముట్టుకోకండి. అరగంట ఆగాలి."

పదేళ్ళ కూతురు అప్పటికే ముద్ద కలిపేసింది. "ఆకలేస్తోంది నాన్నా," అంది.

"అరగంటేనమ్మా. నాకేమైనా అయితే ఈలోపు తెలుస్తుంది."

మా చెల్లెలి మొహం ఎర్రబడింది. "ఏమవుతుందండీ మీకు? ఏడేళ్ళు గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నదాన్ని, వచ్చిన రోజే విషం కలిపానా?"

నిద్రలోంచి ఎవరో తట్టి లేపినట్టు ఉలిక్కిపడ్డాడు. గరిటె గిన్నెలో పెట్టేసి, "నీ గురించి కాదే. చెయ్యి అలా వెళ్ళిపోయింది," అన్నాడు. తర్వాత అందరం తిన్నాం. ఆయన కళ్ళు మాత్రం గడియారం మీదే ఉన్నాయి.

జైలుకి వెళ్ళకముందు కూడా ఆయన వంటవాడే. ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చేసేవాడు. పాడైన నూనె డబ్బాల విషయంలో స్టోరు కీపరుతో మాటామాటా పెరిగింది. ఆయన తోశాడు. అతను రాతి మెట్టు మీద పడి, మూడో రోజు పోయాడు. "చంపాలని తోయలేదు బావా. కానీ తోసింది నేనే," అని మాత్రమే అనేవాడు. ఆ రెండు వాక్యాల్లో దేన్నీ వదిలిపెట్టేవాడు కాదు.

జైల్లోనూ వంటకే వేశారు. అక్కడొక నియమం ఉండేది. ఆయన వెళ్ళడానికి చాలా ఏళ్ళ ముందు కలుషితమైన తిండి తిని రెండువందల మంది మంచాన పడ్డారట, ముగ్గురు పోయారట. అప్పటినుంచి వంట దించగానే వంటవాడు ముందు తినాలి. పైపైన తీసుకుంటే కుదరదు. రాళ్ళు, పురుగులు, మాడు, ఏదైనా అడుక్కే దిగుతుంది కాబట్టి అడుగునుంచి ఒక గరిటె తీయాలి. రిజిస్టరు పట్టుకున్న వార్డరు ముందు నిలబడి తినాలి. తిన్నాక, "అడుగు గరిటె అయ్యా. తిన్నాను. బాగానే ఉన్నాను," అని చెప్పాలి. అరగంట ఆ వార్డరు కళ్ళెదుటే కూర్చోవాలి. వాంతి చేసుకుంటే వంటంతా కాలవలో పోస్తారు.

వినడానికి నాకు బాగానే అనిపించింది. అదే అన్నాను.

"బాగానే ఉంటుంది బావా. కాలవలో పోస్తే ఆరువందల మందికి ఆ పూట కూడు లేదు. ఎవడి వల్ల లేదు? నా వల్ల. నన్ను ఊరికే వదులుతారా? అందుకని వాంతి చేసుకోకూడదు."

మొదటి నెల ఆయనకి నరకం. ఉడికిన అన్నంలో తెల్లగా తేలే పురుగులు, కిరసనాయిలు కంపు కొట్టే పప్పు, రోటీ పిండిలో పిసికేవాడి చెమట, పొయ్యి పక్కనే నిండి పొర్లే మురుగు తొట్టి, ఆ తొట్టిలోనే కడిగిన గరిటెలు. కళ్ళలోంచి నీళ్ళు కారేవట, మొహంలో మాత్రం ఒక్క గీత కదలనిచ్చేవాడు కాదు. "మింగడం నేర్చుకున్నా. గొంతు ఇలా వెడల్పు చేసి, నాలుక కిందికి నొక్కి పెట్టాలి. అప్పుడు రుచి తగలదు," అని చేసి చూపించబోతే నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. చిప్పకూడు గురించి నేను పుస్తకాల్లో చాలా చదివాను. ఆయన చెప్పాక ఆ రాసినవాళ్ళెవరికీ ముక్కు లేదనిపించింది.

రెండో నెలనుంచి ఆయన ఇంకో దారి పట్టాడు. తినక తప్పదు కాబట్టి, తినగలిగేలా వండడం మొదలుపెట్టాడు. బియ్యం చాప మీద పోసి ఏరేవాడు. గిన్నెలు మూడుసార్లు తోమించేవాడు. తోటివాళ్ళు తిట్టుకునేవారు. ఖైదీలు మాత్రం ముద్దుగా 'అడుగు గరిటె' అని పిలిచేవారు. ఆ వంటగదిలోంచి ఏడేళ్ళలో ఒక్కసారి కూడా వంట కాలవలోకి పోలేదని చెప్పేటప్పుడు ఆయన వీపు నిటారుగా అయ్యేది.

శిక్ష ఇంకా పద్దెనిమిది నెలలుండగా మంచి నడవడికని బయటికి వదిలారు. కానీ ఒక షరతు పెట్టారు. ఆ పద్దెనిమిది నెలలూ ఏదో ఒక ఉద్యోగంలో ఉండాలి. నెలాఖరుకి యజమాని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఉద్యోగం పోతే పదిహేను రోజుల్లో ఇంకోటి చూపించాలి. లేకపోతే మిగిలినదంతా లోపలే. అంటే ఆయన స్వేచ్ఛ ఎవరో ఒకరి కలం మూతలో ఉంటుందన్నమాట.

ఉద్యోగం కోసం నేనూ వెంట తిరిగాను. ఒక హోటలు యజమాని ఉత్సాహంగా అడిగాడు.

"ఎంతమందికి వండగలవు?"

"ఆరువందల మందికండి. రెండు పూటలా."

"అబ్బో! ఎక్కడ?"

ఆయన చెప్పాడు. యజమాని కౌంటరు మీదున్న పండ్ల చాకును మెల్లగా తన వైపు జరుపుకున్నాడు. "మా దగ్గర కత్తులన్నీ బయటే ఉంటాయయ్యా," అన్నాడు, అదేదో మా మంచికే చెబుతున్నట్టు.

ఇలా తొమ్మిది చోట్లయ్యాక, నేనే పూనుకుని ఆస్పత్రి వంట కాంట్రాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నేనప్పుడు ఆ పెద్దాస్పత్రిలో పాత రికార్డుల గదిలో గుమాస్తాని. కాంట్రాక్టరుని అందరూ తెల్లచొక్కా అనేవారు. వంటగదికి యజమాని అయ్యుండి చొక్కా మీద ఒక్క మరక లేకుండా తిరగడం ఆయన ప్రత్యేకత. ఆ గదిలోకి అడుగుపెట్టడు కాబట్టే మరక పడదని తర్వాత తెలిసింది.

"జైలు మనిషా? తప్పకుండా పెట్టుకుంటాను. ఇప్పటికే నా దగ్గర ముగ్గురున్నారు," అన్నాడు నవ్వుతూ. "బంగారం లాంటి మనుషులు. సెలవడగరు, నోరెత్తరు. బయటివాళ్ళతోనేనండీ నాకు తలనొప్పి." గోడమీద ఒక ఫోటో చూపించాడు. విడుదలైన ఖైదీలకు ఉపాధి కల్పించినందుకు ఎవరో ఆయనకి శాలువా కప్పుతున్నారు. ఇంటికెళ్ళేటప్పుడు మా బావ రెండుసార్లు ఆగి, వెనక్కి తిరిగి ఆ భవనానికి దండం పెట్టాడు.

ఇప్పుడు ఆ వంటగది గురించి చెప్పాలి. భోజనం వేళ అయితే చదివేవాళ్ళు పక్కన పెట్టి, తర్వాత చదువుకోండి.

నేల మీద నడిస్తే చెప్పు అతుక్కునేది. గోడలకి వేలెడు మందాన నల్లటి జిడ్డు, దాంట్లో అంటుకుని చచ్చిన ఈగలు. బియ్యం బస్తాల వెనక ఎలుకల కాపురం. వాటి పెంటికల్ని ఏరకుండా ఊదేవాళ్ళు, ఎగిరినవి ఎగురుతాయి, మిగిలినవి ఉడుకుతాయి. ఇవన్నీ మా బావకి కొత్త కాదు. చీపురు పట్టుకుని వారంలో సగం బాగుచేశాడు. కొత్తదల్లా ఒక్కటే. వార్డుల్లో రోగులు తిని వదిలేసిన పళ్ళేలు మధ్యాహ్నం కిందికొచ్చేవి. వాటిలో మిగిలిన పప్పూ కూరా గీకి ఒక డ్రమ్ములో పోసేవారు. సాయంత్రం వంటకి ఆ డ్రమ్మును పెద్ద గుండిగలో వంచి, పైన కాసిని నీళ్ళు, కారం వేసి మరగబెట్టేవారు. దగ్గినవాళ్ళ ఎంగిలి, పుళ్ళు పడ్డ వేళ్ళతో కెలికిన ఎంగిలి, కక్కబోయి ఆపుకున్నవాళ్ళ ఎంగిలి. అదే మళ్ళీ పై అంతస్తుకి.

మొదటి రోజు మా బావ డ్రమ్ము వంచనన్నాడు. తెల్లచొక్కా గుమ్మం దగ్గరే నిలబడి, జేబులోంచి కలం తీసి, మూత తిప్పి, మళ్ళీ పెట్టేసి వెళ్ళిపోయాడు. మా బావ డ్రమ్ము వంచాడు.

వంచి, దించాక, గరిటె అడుక్కంటా ముంచి, నిలబడి తిన్నాడు. ఎవరూ తినమనలేదు. రిజిస్టరు పట్టుకున్న వార్డరు లేడు. కూరలు తరిగే అక్క అది చూసి కత్తి పక్కన పడేసింది.

"అన్నా, నీకేమన్నా పిచ్చా? మేం ఇంటినుంచి డబ్బా తెచ్చుకునేదే ఇది తినలేక!"

"నేను తినంది ఇంకొకడికి ఎట్లా పంపుతానక్కా?"

"అయితే మానేద్దువు, పంపకు."

"మానలేను."

"మరి తిను, ఏం చేస్తావు! పోయేటప్పుడు చెప్పి పో, అంట్లు ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి," అంది. ఆవిడ నోరు అంతే. కానీ ఆ రోజునుంచి తన డబ్బాలోంచి ఒక రొట్టె ఆయనకి తీసిపెట్టేది. అడుగు గరిటె తిన్న నోటికి అది తర్వాత తినమని.

నాలుగు నెలలు, రోజుకి రెండు పూటలు అలా తిన్నాడు. నాలుగు సంతకాలు పడ్డాయి. ఇంట్లో మాత్రం మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టేవాడు కాదు. "బయట కడుపు నిండా పెడుతున్నారు కాబోలు," అని మా చెల్లెలు సంబరపడింది. నాకు తెలుసు. నేనూ చెప్పలేదు.

ఇంకా చెప్పాలంటే, ఆ వంటగది సంగతి అంతకు చాలా ముందే నాకు తెలుసు. నెలకోసారి తిండి తనిఖీకి డాక్టరు వచ్చినప్పుడు రిజిస్టరు రాసేది నేనే. తనిఖీ అంటే తెల్లచొక్కా గదిలో కూర్చోవడం. విడిగా చిన్న కుక్కర్లో వండిన నమూనా పళ్ళెం అక్కడికే వచ్చేది. డాక్టరు రెండు ముద్దలు తినేవాడు. 'రుచి బాగుంది. శుభ్రత సంతృప్తికరం' అని నేను రాసేవాణ్ణి. నా దస్తూరి అందంగా ఉంటుందని పేరు.

ఐదో నెలలో పాత డాక్టరు బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ గదిలో కూర్చోనంది. "వంట గదిలో చూస్తే కదా తెలిసేది," అని తిన్నగా లోపలికి నడిచింది. వెనకాల రిజిస్టరుతో నేను, నా వెనకాల చెమటలు తుడుచుకుంటూ తెల్లచొక్కా. గుండిగ అప్పుడే దించారు.

ఆవిడ గుమ్మంలో ఆగి, "పెట్టండి, చూద్దాం," అంది.

తెల్లచొక్కా చిన్న కుక్కరు వైపు కళ్ళతో సైగ చేశాడు. మా బావ ఆ సైగ చూడలేదు. ఆయనకి కనిపించింది గుమ్మంలో బూట్లు, వెనకాల రిజిస్టరు. వీపు నిటారుగా అయింది. గరిటె పెద్ద గుండిగలోకి దిగింది, అడుక్కంటా. ఒక గరిటె తన కంచంలో వేసుకుని, నిలబడి, మొహం కదలకుండా తిన్నాడు. ఇంకో గరిటె శుభ్రమైన పళ్ళెంలో పోసి, రెండు చేతులా ఆవిడ ముందుకి చాచాడు.

"అడుగు గరిటె అయ్యా. తిన్నాను. బాగానే ఉన్నాను."

అయ్యా అన్నందుకు డాక్టరమ్మ నవ్వబోయి, పళ్ళెంలోకి చూసింది. నవ్వు అక్కడే ఆగింది. పప్పులో వేలెడు దూది ముక్క ఉబ్బి తేలుతోంది. దాని ఒక కొనకి టించరు రంగు, ఇంకో కొనకి ఇంకేదో రంగు. ఆయన తిన్న గరిటెలో ఏముందో ఆయన చెప్పలేదు. నేను ఎప్పుడూ అడగలేదు.

ముందు తేరుకున్నది తెల్లచొక్కాయే. "చూశారామ్మా! వేలికి కట్టుతో వంట చేయొద్దురా అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. జైలునుంచి వచ్చినవాడు, పోనీలే పాపమని పెట్టుకున్నాను." మా బావ వైపు తిరిగి, గొంతు మెత్తబరిచి, "నీదేనని చెప్పవోయ్. మొదటి తప్పు, అమ్మగారు మన్నిస్తారు. నెలాఖరుకి ఇంకెన్నాళ్ళు, నాలుగు రోజులేగా," అన్నాడు.

అప్పటికి గానీ తన చెయ్యి ఏం చేసిందో మా బావకి అర్థం కాలేదు. కుక్కరు వైపు చూశాడు, పళ్ళెం వైపు చూశాడు. నా వైపు కూడా చూశాడు. నేను రిజిస్టరులోకి చూశాను.

ఆయన పళ్ళెం కింద పెట్టి, పది వేళ్ళూ చాచాడు. ఒక్క గీరు కూడా లేదు.

"నాకు దెబ్బేం తగల్లేదమ్మా."

"మరి ఇది ఎక్కడిది?"

"వార్డుల్లో మిగిలింది మళ్ళీ దీంట్లోనే పోస్తామమ్మా. రోజూ."

"ఎవరు పోస్తారు?"

ఇక్కడ ఆయన తెల్లచొక్కా పేరు చెప్పొచ్చు. "నేనే," అన్నాడు.

"తెలిసే పోశావా?"

"తెలిసేనమ్మా. ముందు నేను తిని, తర్వాత పంపాను."

డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అంట్లు కడిగే తొట్టి దగ్గరికి పరుగెత్తింది. ఆ తొట్టిని చూశాక ఆవిడకి ఇంకా ఎక్కువైంది. తిరిగొచ్చి, కళ్ళు తుడుచుకుని, "అంతా రాయండి," అంది నాతో. రాశాను. పదకొండేళ్ళలో ఆ రిజిస్టరులో నేను రాసిన మొదటి నిజం అదే, అక్షరాలు వంకరగా వచ్చాయి.

ఆ కాగితం పై అంతస్తులకి ఎక్కి, దిగి, 'కాంట్రాక్టరును హెచ్చరించడమైనది' అనే ఒక్క వాక్యంతో తిరిగొచ్చింది. డాక్టరమ్మ మూడుసార్లు మళ్ళీ రాసింది. డ్రమ్ము కొన్నాళ్ళు వెనక గదిలోకి మారింది. మా బావని మాత్రం ఆ మధ్యాహ్నమే పంపేశారు.

పదిహేను రోజుల లెక్క మొదలైంది. మళ్ళీ హోటళ్ళు, హాస్టళ్ళు. ఈసారి జైలు మాట కూడా ఎత్తక్కర్లేకపోయింది. 'రోగుల తిండిలో ఎంగిలి కలిపినవాడు' అని కబురు ఆయనకంటే ముందే వెళ్ళి కూర్చునేది. కలపమన్నవాడి పేరు ఆ కబురులో ఎక్కడా ఉండేది కాదు.

పన్నెండో రోజున తెల్లచొక్కా పిలిపించాడు. మా చెల్లెలు, నేను కూడా వెళ్ళాం. గదిలో చల్లగా ఉంది. బల్లమీద ఒక కాగితం సిద్ధంగా ఉంది. దూది తన చేతిదేననీ, మిగతాదంతా కోపంలో అన్నాననీ అందులో ఉంది. దాని పక్కనే ఖాళీ సంతకం గడితో నెలాఖరు కాగితం.

"నాకు నీ మీద కోపం లేదోయ్," అన్నాడు తెల్లచొక్కా. "దీని మీద నువ్వు పెట్టు, దాని మీద నేను పెడతాను. పద్నాలుగు నెలలు కళ్ళు మూసుకుంటే అయిపోతాయి. ముందు భోంచెయ్యి, మొహం పీక్కుపోయింది." చిన్న కుక్కర్లోది, వేడివేడిగా, తెల్లటి పళ్ళెంలో తెప్పించాడు.

"పెట్టండి," అంది మా చెల్లెలు చిన్నగా. "పిల్ల మొహం చూసి పెట్టండి."

ఆయన కలం తీసుకున్నాడు. తెల్లచొక్కా పళ్ళేన్ని ఇంకాస్త ముందుకి తోశాడు. ఆయన కాదనలేక ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. శుభ్రమైన అన్నం, కమ్మటి పప్పు. గొంతు వెడల్పు చేసుకోవడం, నాలుక నొక్కి పెట్టడం నేను చూశాను. దిగలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. కళ్ళు పెద్దవయ్యాయి. బల్లంతా, ఆ రెండు కాగితాలూ, తెల్లచొక్కా రెండు చేతులూ తడిసేలా కక్కేశాడు.

"ఛీ! ఛీ! పశువు!" తెల్లచొక్కా కుర్చీతో సహా గోడకి జరిగిపోయాడు. చొక్కా వైపు చూసుకున్న ఆ చూపు నాకు ఇప్పటికీ తృప్తినిస్తుంది. దాచుకోను.

మా బావ మూలనున్న బక్కెట్టు తెచ్చి బల్ల తుడిచాడు. నీళ్ళు మార్చి మళ్ళీ తుడిచాడు. మూడోసారి పొడిగుడ్డతో తుడిచాడు. తెల్లచొక్కా సొరుగులోంచి కొత్త కాగితం తీయబోతుంటే, "వద్దండయ్యా, ఇంకోటి పాడవుతుంది," అని చెప్పి బయటికి వచ్చేశాడు.

మా చెల్లెలు రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. "మీ కడుపు మీకు ముఖ్యం, మా కడుపులు కాదు," అని గోడకి చెప్పేది. ఆ మాటలో అబద్ధం లేదు. పద్నాలుగో రోజు సాయంత్రం కూరలు తరిగే అక్క మా చెల్లెలి ఇంటికి వచ్చి, తనని పెరట్లోకి తీసుకెళ్ళి గంటసేపు కూర్చుంది. డ్రమ్ము గురించీ, నాలుగు నెలల అడుగు గరిటె గురించీ, రొట్టె గురించీ చెప్పి ఉంటుంది. లోపలికి వచ్చాక మా చెల్లెలు భర్త బట్టలు ఇస్త్రీ చేసి సంచిలో సర్దింది.

పదిహేనో రోజు పొద్దున ముగ్గురం జైలు గేటు దగ్గరికి వెళ్ళాం. కిటికీ వెనక గుమాస్తా పెద్ద రిజిస్టరు తెరిచి, పాత నంబరు వెతికి, తలెత్తకుండా అడిగాడు.

"తిరిగి రావడానికి కారణం?"

మా బావ నోరు తెరవబోయాడు. మా చెల్లెలు ఆయన్ని పక్కకి జరిపి కిటికీలో మొహం పెట్టింది. "మా ఆయన ఏ తప్పూ చేసి రాలేదు. తప్పుడు సంతకం పెట్టనందుకు వచ్చాడు. అలాగే రాసుకోండి."

గుమాస్తా మొదటిసారి తలెత్తి ఆవిడని చూశాడు. తర్వాత గళ్ళ మీద వేలు నడిపించుకుంటూ వెళ్ళాడు. దొంగతనం, కొట్లాట, తాగుడు, పరారీ, పని మానుట.

"అలాంటి గడి ఇందులో లేదమ్మా," అని, 'పని మానుట' కింద టిక్కు పెట్టాడు.